రోహిణి ఎండలు ఎలుకల్ని చంపవు

పది రోజులుగా మా శ్రీకాకుళం, విజయనగరం రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే ఐదుగురు పంపారు. అందులో ఇద్దరు మా ఊరివాళ్ళు, ఒకాయన నాకు వరసకు మావయ్య. అందరూ నలుగురికీ మేలు జరుగుతుందనే పంపారు. మెసేజ్‌లో ఉన్నది ఇదీ:

“రోహిణి కార్తెలో ఎండ 42 డిగ్రీలు దాటితే పొలంలో ఎలుకలు 90 శాతం కన్నాల్లోనే చచ్చిపోతాయి. చలికాలంలో అవి నిద్రలోకి వెళ్ళిపోతాయి, పంట జోలికి రావు. ఇంట్లోకి వచ్చేవి చలికి తట్టుకోలేకే వస్తాయి. తుఫాను వస్తే మిగిలినవి మునిగి చస్తాయి. కాబట్టి వేసవిలో ఎలుకల మందుకు డబ్బు తగలెయ్యకండి. వెన్ను బయటపడ్డాక ఎలుక కనిపిస్తే అప్పుడు పెట్టండి చాలు. రైతులందరికీ షేర్ చెయ్యండి.”

నా టెన్షన్ అంతా ఆ చివరి సలహాతోనే. రెండేళ్ళ కింద నేను సరిగ్గా అదే చేశాను. వేసవిలో ఎలుకలు కనబడలేదు కదా అని ఊరుకున్నాను. అక్టోబరులో గట్టు మీద నిలబడి చూస్తే చేను పచ్చగా, నిండుగా ఉంది. మోకాలి లోతు చేలో పది అడుగులు లోపలికి దిగేసరికి మధ్యలో చాప పరిచినంత జాగా బోడిగా కనబడింది. అలాంటివి ఇంకో నాలుగున్నాయి. పిలకలు అడుగున ఏటవాలుగా, కొడవలితో కోసినట్టు తెగి పడున్నాయి. పొట్టలో, అంటే ఇంకా బయటపడకుండా ఆకు తొడుగులోనే ఉన్న లేత వెన్నును (వరి కంకిని) నమిలేసి మిగతాది వదిలేశాయి. ఎలుక గట్టు పక్క వరసలను పెద్దగా ముట్టుకోదు, ఎక్కువగా లోపలే తింటుంది. బయటినుంచి చూసే రైతుకు కోత దాకా తెలియదు. ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు రాయాలనిపించింది అందుకే.

ముందు ఏ ఎలుక గురించి మాట్లాడుతున్నామో చెప్పాలి. మన వరి పొలాల్లో ఎక్కువ నష్టం చేసేది చిన్న పందికొక్కు. శాస్త్రవేత్తలు బాండికోటా బెంగాలెన్సిస్ అంటారు. ఇంగ్లీషువాళ్ళ ‘బాండికూట్’ అన్న మాట పుట్టిందే మన తెలుగు ‘పందికొక్కు’ నుంచి. ప్రపంచానికి ఆ జంతువు పేరు ఇచ్చినవాళ్ళం, దాని అలవాట్లు మాత్రం ఎవరో రాసిన మెసేజ్ చూసి తెలుసుకుంటున్నాం. దీంతోపాటు గట్లలో ఉండే చిట్టెలుక, ఇళ్ళ కప్పుల్లోనూ ఉద్దానం కొబ్బరి మొవ్వుల్లోనూ తిరిగే ఇంటి ఎలుక కూడా ఉన్నాయి. ఎండకీ వానకీ ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. మెసేజ్ రాసినవాళ్ళు అన్నిటినీ ఒకే గాట కట్టేశారు.

“42 డిగ్రీలు దాటితే 90 శాతం చస్తాయి.”

ఈ 90 ఎవరు, ఎక్కడ, ఎలా లెక్కపెట్టారో మెసేజ్‌లో లేదు. ఈ మాట అసలు ఎందుకు పుట్టి ఉంటుందో మాత్రం నాకు అర్థమవుతుంది. ఎలుక నిజంగానే ఎండకు ఆగలేని జంతువు. మనలా దానికి ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున తప్ప. కుక్కలా నాలుక వేలాడేసి రొప్పి ఒళ్ళు చల్లబరుచుకోనూ లేదు. బొచ్చులేని తోక గుండా కొంత వేడిని బయటికి పంపుతుంది. మరీ తట్టుకోలేకపోతే ఉమ్మిని బొచ్చుకు పూసుకుంటుంది. బోనులో పడ్డ ఎలుకను మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే సాయంత్రానికి బతకదు. ఇది చూసినవాళ్ళు పొలంలో ఉన్నవాటికీ అదే గతి అనుకోవడం సహజమే.

అయితే పొలంలో ఎలుక ఎండలో కూర్చోదు. మే నెల మధ్యాహ్నం అది ఎక్కడుంటుందో నా కళ్ళతో చూశాను. మా చెరువు గట్టు మీద ఎలుకలు పట్టే పెద్దాయన ఒకాయనతో కలిసి కన్నం తవ్వాం. పైన మట్టి అరికాలు పెట్టనివ్వడం లేదు. కన్నం నోటికి వదులు మట్టితో బిరడా పెట్టుంది. ఆ బిరడా పందికొక్కు తనంతట తాను పెట్టుకుంటుంది. వేడిగాలి లోపలికి రాదు, లోపలి చెమ్మ బయటికి పోదు, పాము కూడా సులువుగా దూరలేదు. గునపంతో జానెడు తవ్వేసరికి మట్టి రంగు మారింది. మూర లోతుకు వెళ్ళాక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని లోపల పెట్టించాడు. మంచినీళ్ళ కుండ కింద ఇసుకలో వేళ్ళు పెట్టినట్టుంది. ఒక గదిలో తురిమిన గడ్డి పరుపు, పక్క గదిలో ఎండిన వరి వెన్నులు, రెండు పీత డిప్పలు, తుంగ గడ్డలు. “ఎండకి ఎలక సావదు బావూ, సోటు మారుద్ది” అన్నాడాయన. నేనింత పొడుగు రాసేదంతా ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఆ చల్లదనం వెనక లెక్క తేలికే. మట్టి వేడిని చాలా నెమ్మదిగా లోపలికి పంపుతుంది. పగటి వేడి కాస్త కిందికి దిగేలోపు రాత్రి అయిపోయి పైభాగం చల్లారడం మొదలవుతుంది. అందుకే అర మీటరు లోతులో పగలుకీ రాత్రికీ పెద్ద తేడా ఉండదు. పైన 42 ఉన్న రోజు అక్కడ దానికంటే చాలా తక్కువే ఉంటుంది. ఇంకో సంగతి: ఎలుక ఒంటికి హాయిగా ఉండేది దాదాపు 28 నుంచి 32 డిగ్రీల మధ్య. మనకు ఉక్కపోతగా ఉండే వేడి దానికి సుఖం. కళ్ళు తెరవని, బొచ్చు రాని పిల్లలైతే తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు, వాటికి ఆ వెచ్చదనం కావాలి కూడా. తల్లి చేసే పనల్లా పగలు బయటికి రాకపోవడమే. పందికొక్కు ఎలాగూ రాత్రి జంతువు. ఎండలు ముదిరితే చీకటి బాగా పడ్డాక, మళ్ళీ తెల్లవారుజామున తిరుగుతుంది. ఆ వేళల్లో మనం మంచం మీద ఉంటాం, ఎలుకలు లేవనుకుంటాం.

మరి వేసవిలో ఎలుకల సంఖ్య తగ్గదా అంటే, తగ్గుతుంది. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. దాన్ని తగ్గించేది ఆకలి, దాహం. కోతలు అయిపోయి, మినుము పెసర కూడా పీకేశాక బోడి పొలంలో తినడానికి ఏముంటుంది? పందికొక్కుకు నీళ్ళు కావాలి, ఉత్త ఎండు గింజ మీద నెలలు గడపలేదు. తిండి తగ్గితే ఈనడం తగ్గిపోతుంది. దాక్కునే పైరు లేక గద్దకీ, గుడ్లగూబకీ, జెర్రిపోతుకీ దొరికిపోతాయి. మిగిలినవి చెమ్మ ఉన్న చోటికి చేరతాయి. చెరువు గట్లు, వంశధార నాగావళి కాలవల కట్టలు, చెరకు తోటలు, ఊరి చివర గడ్డిమేట్లు, కొబ్బరి తోటల పాదులు. వందల ఎకరాల్లో చెదిరి ఉన్న ఎలుకలన్నీ మే నెలలో ఈ నాలుగు చోట్లకీ వచ్చి కూర్చుంటాయి. ఆ సమయంలో వాటిని వదిలెయ్యమంటోంది మెసేజ్.

వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఆడ పందికొక్కు చూడితో ఉండేది సుమారు మూడు వారాలు. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు మామూలే. పిల్ల మూడు నెలలకు తనూ ఈనే వయసుకొస్తుంది. జూన్ చివర గట్టు మీద ఈనిన ఒక్క తల్లి పిల్లలు, మన పైరు పొట్టకు వచ్చే అక్టోబరు నాటికి తల్లులు అవుతాయి. పైగా వరి చిరుపొట్ట దశ నుంచి తిండి బలం పెరిగి వాటి ఈతలూ పెరుగుతాయి. ఎలుక పిల్లల్ని పెట్టేది మన పైరు ఎదుగుదలను బట్టి.

ఒక చిన్న తేడా కూడా చెప్పాలి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలి వల్ల ఎండ అంతగా ముదరదు, ఉక్క ఎక్కువ. విజయనగరం లోపలి మండలాల్లో 42 దాటే రోజులు వస్తాయి. ఎండ చంపేటట్టయితే లోపలి మండలాల్లో ఈపాటికి ఎలుక అన్నదే ఉండకూడదు. అక్కడి మొక్కజొన్న రైతుల్ని అడగండి, ఉందో లేదో చెబుతారు.

“చలికాలంలో నిద్రలోకి వెళ్ళిపోతాయి.”

దీనికి పొడుగు జవాబు అక్కర్లేదు. చలికాలమంతా ఒళ్ళు చల్లబడి, తిండి లేకుండా నెలల తరబడి పడుకునే జంతువులు ఉన్నాయి. హిమాలయాల్లో మార్మాట్ అనే పెద్ద ఉడుత జాతి జంతువు అలా పడుకుంటుంది. అక్కడ మంచు నేలను కప్పేస్తుంది. మన పల్లంలో ఏ ఎలుకా అలా పడుకోదు. మన తీరంలో భోగి నాడు తెల్లవారుజామున కూడా చలి మామూలుగా పది డిగ్రీల కిందకు దిగదు. కన్నంలో అయితే ఇంకా వెచ్చగా ఉంటుంది.

పైగా డిసెంబరు, జనవరి వాటికి పండగ రోజులు. కుప్పలు వేసుకునే ఊళ్ళలో నూర్పు దాకా కుప్ప కిందే కాపురం పెడతాయి. రబీ మొక్కజొన్న గింజ నాటిన రాత్రే వరసగా తవ్వుకుని తింటాయి. సాలు పొడుగునా వేలు దూరేంత గుంటలు చూసి విత్తనం మొలవలేదని దుకాణంవాడితో పోట్లాడినవాళ్ళు నాకు తెలుసు. అదే మొక్కజొన్న ఫిబ్రవరి, మార్చిలో పాలకండె మీదకొస్తే కింద వరస కండెలు పొట్టు చీల్చి తినేస్తాయి. నిద్రపోయే జంతువు చేసే పనులు కావివి.

ఈ ‘చలికి ఆగలేవు’ అన్న మాట చలి దేశాల నుంచి వచ్చిందని నా అనుమానం. అక్కడ మంచు పడే నెలల్లో ఎలుకలకు బయట తిరగడం, తిండి వెతకడం, పిల్లల్ని సాకడం నిజంగా కష్టం. అందుకే 2025 జనవరి చివర్లో వచ్చిన ఒక పరిశోధనను చాలామంది పట్టించుకున్నారు. ప్రపంచంలో 16 నగరాల ఎలుకల ఫిర్యాదులు, తనిఖీల లెక్కలు ఏళ్ళ తరబడి తీసి చూశారు. 11 నగరాల్లో ఎలుకలు పెరిగాయి. వాషింగ్టన్, న్యూయార్క్, టొరంటో, ఆమ్‌స్టర్‌డామ్ వాటిలో ఉన్నాయి. వేడి ఎక్కువగా పెరిగిన నగరాల్లో ఎలుకల పెరుగుదలా ఎక్కువగానే ఉందని తేలింది. చలి తగ్గితే వాటికి తిరిగే రోజులు పెరుగుతాయి మరి. లోకం వేడెక్కితే ఎలుకలు పోతాయి అని ఎవరైనా అనుకుంటే, అక్కడ కనబడింది దానికి నేరుగా ఎదురు.

“ఇంట్లోకి చలికి తట్టుకోలేక వస్తాయి.”

మన ఊళ్ళలో ఎలుకలు ఇళ్ళ మీద పడేది ఏడాదిలో రెండు సమయాల్లో. ఒకటి కోతలయ్యాక, ధాన్యం బస్తాల వెంట. పొలంలో గింజ పోయింది, మీ వసారాలో గింజ ఉంది, అది అక్కడికి వస్తుంది. రెండోది జూన్‌లో మొదటి పెద్ద వానకు, కన్నాల్లో నీళ్ళు దిగినప్పుడు. అప్పుడు చలేమీ ఉండదు. కప్పు మీద రాత్రంతా పరుగులు పెట్టే ఇంటి ఎలుక సంగతి వేరు, అది ఏడాది పొడుగునా మనతోనే ఉంటుంది. చోళ్ళ (రాగుల) బస్తా, పప్పుల డబ్బా నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టుకుంటే, తలుపు కింద సందు మూసుకుంటే సగం బాధ తప్పుతుంది. చిట్టెలుకకు చిటికెన వేలు దూరేంత సందు చాలు, అది గుర్తుంచుకోండి.

“తుఫాను నీటికి మునిగి చస్తాయి.”

తుఫాన్ల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లి, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్. మూడూ వరి చేను మీద ఉన్నప్పుడే వచ్చాయి. కన్నాల్లో కళ్ళు తెరవని పిల్లలు ఆ నీళ్ళలో పోతాయి, అది నిజం. పెద్దవి చాలావరకు పోవు. ఎలుక మంచి ఈతగత్తె. పందికొక్కు అయితే నీళ్ళు నిలిచిన వరి మళ్ళలో బతకడం అలవాటైన జంతువు. నీరు ఎక్కగానే పెద్ద గట్టుకీ, రోడ్డు కట్టకీ, రైలు కట్టకీ, మనం తలదాచుకున్న బడి వరండాకీ చేరుతుంది. నీరు తీశాక పడిపోయిన పైరులో తిండి దానికి కావలసినంత.

మిగతా అబద్ధాలకు పంట పోతుంది. ఈ మాటను నమ్మితే మనిషి ప్రాణం మీదకు రావచ్చు. వరద నీళ్ళలో ఎలుక మూత్రం కలుస్తుంది. అందులో లెప్టోస్పైరా అనే క్రిమి ఉంటే కాలి పగుళ్ళు, దెబ్బల గుండా ఒంట్లోకి వెళుతుంది. దానివల్ల వచ్చే జబ్బే లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం అంటారు. 2018 ఆగస్టు వరదల తర్వాత కేరళలో ఇది ఎంతమందిని పట్టుకుందో పేపర్లలో చూశాం. తుఫాను తర్వాత చేలో దిగినవాళ్ళకు ఒకటి రెండు వారాల్లో గట్టి జ్వరం, పిక్కలు పట్టుకుపోయే నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే మామూలు జ్వరమని ఇంట్లో పడుకోకండి. ఆసుపత్రికి వెళ్ళి, నీళ్ళలో పనిచేశామని డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి. మొదట్లో పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే నయమవుతుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు, కాలేయం దాకా పోతుంది. ఎలుకలన్నీ మునిగి చచ్చాయన్న ధీమాతో వట్టి కాళ్ళతో దిగొద్దు.

“వెన్ను బయటపడ్డాక పెట్టండి చాలు.”

ఇదే అన్నిటికంటే ఖరీదైన మాట. పాలు పోసుకున్న గింజ నోటి ముందు ఉండగా మన నూకల ఎర ఎలుక ఎందుకు తింటుంది? పిలకలు వేసే దశలో కొరికితే దుబ్బు మళ్ళీ పిలక వేసి కొంత కోలుకుంటుంది. వెన్ను దశలో తెగిన పిలక ఇక రాదు. అప్పటికి ఎలుకలు గట్టు వదిలి చేను మధ్యకూ పాకుతాయి, కన్నాలు వెతకడం మన తరం కాదు.

చెయ్యాల్సిన సమయం మే చివర నుంచి ఆకుమళ్ళు (నారుమళ్ళు), దమ్ములు (నాటుకు ముందు చేసే బురద దుక్కి) అయ్యేలోపు. ఒక్క రైతు చేస్తే పక్క చేలోవి వారంలో వచ్చి చేరతాయి. ఊరంతా ఒకే వారంలో చెయ్యాలి. మొదటి సాయంత్రం గట్ల మీద కన్నాలన్నీ మట్టితో మూసెయ్యాలి. మర్నాడు పొద్దున తెరుచుకున్నవే ఎలుక ఉన్న కన్నాలు, మందు వాటికి మాత్రమే. దీంతో మందూ మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది. బ్రోమాడయోలోన్ 0.25 శాతం పొడి రెండు పాళ్ళు, నూనె రెండు పాళ్ళు, నూకలు 96 పాళ్ళు కలిపి, పదిహేను గ్రాముల చొప్పున కాగితం పొట్లం కట్టి కన్నం లోపలికి కర్రతో తొయ్యాలి. తిన్న ఎలుక కొన్ని రోజులకు చస్తుంది, అందుకే మిగతావాటికి అనుమానం రాదు. జింక్ ఫాస్ఫైడ్ ఆ రాత్రికే చంపుతుంది. కానీ కొంచెం తిని బతికిన ఎలుక మళ్ళీ ఆ ఎర ముట్టదు. దాన్ని వాడేటట్టయితే ముందు రెండు రోజులు మందు లేని నూకలు, నూనె అలవాటు చెయ్యాలి. దానికి విరుగుడు లేదు, అది మరిచిపోవద్దు. వట్టి చేతులతో కలపొద్దు, వంటింటి గిన్నెలు వాడొద్దు, పొట్లాలు పిల్లలకూ కోళ్ళకూ అందే చోట పెట్టొద్దు, చచ్చినవాటిని పాతెయ్యాలి.

గట్లు సన్నగా, పొట్టిగా చెక్కుకోవడం కూడా పెద్ద మందే. వెడల్పాటి గట్టులోనే పందికొక్కుకు గదులు కట్టడం కుదురుతుంది. ఇంకో విన్నపం: రాత్రి చేలో కర్ర మీద వాలిన గుడ్లగూబను అపశకునం అని రాళ్ళు వెయ్యకండి. అది మన దగ్గర కూలి అడక్కుండా రాత్రంతా ఎలుకలు పడుతుంది. చేలో అడ్డకర్ర బిగించిన గుంజలు నాలుగు పాతితే వచ్చి వాలుతుంది.

మా ఊళ్ళో ఈసారి మెసేజ్ పంపిన మా మావయ్యతో వాదన పెట్టుకోలేదు. “మావయ్యా, ఒక్కసారి రా, చూద్దువుగాని” అని మొన్న సాయంత్రం చెరువు గట్టు మీదకు తీసుకెళ్ళాను. ఆ రోజు ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. ఇద్దరం కలిసి తూర్పు గట్టు పొడుగునా ప్రతి కన్నాన్నీ మట్టి పెళ్ళతో మూసి, పక్కన ఒక పుల్ల గుచ్చుకుంటూ వెళ్ళాం. పొద్దున ఐదున్నరకు వెళ్ళి చూస్తే సగానికి పైగా పుల్లల పక్కన కొత్త మట్టి తోడి ఉంది, ఇంకా తడి ఆరలేదు. మావయ్య వంగి ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు. ఫోను తీసి ఫొటో కొట్టాడు. మెసేజ్ పంపిన గ్రూపులోనే ఆ ఫొటో పెట్టి కింద ఇలా రాశాడు: “ఇవి మా గట్టువి. ఈ ఉదయం తీసింది. మందు ఎప్పుడు పెడదాం?”